11 ఏళ్లు సర్వీస్ కంపెనీలో చేసి ప్రాడక్ట్ కంపెనీకి వచ్చాను. "నీకు ప్రాడక్ట్ మైండ్‌సెట్ లేదు" అంటున్నారు. అంటే ఏంటండీ?

టికెట్_మూసేవాడు:

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో (వేరే కంపెనీలకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేది) 11 ఏళ్లు జావా మీద పనిచేశాను. అందులో 7 ఏళ్లు ఒకే క్లయింటు, అమెరికా ఇన్సూరెన్సు వాళ్లు. 8 నెలల కింద మాదాపూర్‌లోనే ఒక చిన్న ప్రాడక్ట్ కంపెనీకి (సొంత సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేది) మారాను. మొత్తం 30 మందిమి. ఎరువులు, పురుగుమందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. కస్టమర్లు ఎక్కువగా వరంగల్, కరీంనగర్, ఖమ్మం వైపు ఉంటారు, కొద్దిమంది గుంటూరు వైపు.

మొన్న అప్రైజల్లో మా ఫౌండర్ అన్న మాట: "కోడ్ బాగా రాస్తావు, టైముకి ఇస్తావు. కానీ ప్రాడక్ట్ మైండ్‌సెట్ లేదు." దానికి రెండు సంగతులు చూపించాడు.

మొదటిది స్టాక్ రిపోర్టు. 11 ఫిల్టర్లు పెట్టమని టికెట్ (చేయాల్సిన పని రాసి పంపే నోట్) వచ్చింది, 5 వారాలు కూర్చుని చేశాను. ఒక్క బగ్గు రాలేదు. రెండు నెలల తర్వాత లాగ్ తీస్తే దాన్ని తెరిచినవి 4 అకౌంట్లు, అందులో ఒకటి మా సపోర్టు వాళ్ల టెస్ట్ అకౌంటు. "ఇది ఎందుకు చేశావు?" అన్నాడు. "టికెట్‌లో ఉంది కదా" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

రెండోది ఇంకా చిత్రం. ఒకే షాపు నుంచి "బిల్లు మీద తేదీ తప్పు పడుతోంది" అని 6 సార్లు కంప్లయింటు వచ్చింది. చూశాను. సర్వర్ టైము సరిగ్గానే ఉంది. రాత్రి 12 దాటాక కొట్టిన బిల్లుకి మర్నాటి తేదీ పడుతోంది. పడాలి కూడా! "సాఫ్ట్‌వేర్ సరిగ్గానే పనిచేస్తోంది" అని రాసి మూసేశాను. ఇందులో నా తప్పేంటో ఇప్పటికీ తెలియట్లేదు.

యూట్యూబ్ వీడియోలన్నీ "కస్టమర్‌లా ఆలోచించు" అంటాయి. ఎలా ఆలోచించను? మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఎరువుల షాపు గడప నేనెప్పుడూ తొక్కలేదు. దయచేసి థియరీ వద్దు, ఎవరైనా నిజంగా ఈ మార్పు దాటినవాళ్లు చెప్పండి.

కొట్టు_అబ్బాయి:

అన్నా, మీ రెండో టికెట్ చదివి నవ్వాగలేదు. ఆ కంప్లయింటు పెట్టింది మా నాన్నే అయ్యుండొచ్చు. మాది నర్సంపేట వైపు, ఎరువుల షాపు. నేను ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేరే, కానీ డిగ్రీ అయ్యేదాకా ప్రతి వానాకాలం ఆ షాపులోనే.

మీరనుకుంటున్నది ఇది: రైతు వస్తాడు, బస్తా అడుగుతాడు, షాపతను కంప్యూటర్లో బిల్లు కొడతాడు, ప్రింటు ఇస్తాడు. సీజన్లో అలా ఉండదు. వాన పడిన మర్నాడు పొద్దున్నే లైను ఉంటుంది. యూరియా లారీ వచ్చిందని తెలిస్తే మనుషుల బదులు చెప్పులు నిలబడతాయి లైన్లో. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు, ఆ 50 పైసల చిల్లర గొడవ ఒక పక్క. 2018 నుంచి ఈ-పాస్ మెషీన్ వచ్చింది కదా, ప్రతి రైతూ ఆధార్ చెప్పి వేలిముద్ర వేయాలి. కలుపు తీసిన చేతులు, గీతలు అరిగిపోయి ఉంటాయి. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ. నాన్న రెండు చేతులూ ఆ మెషీన్ మీదే. కంప్యూటర్ వెనక గదిలో ఉండేది, దుమ్ము పడకుండా పాత చీర కప్పి.

మరి ఎరువులు, మందుల అమ్మకాలు, అప్పులు ఎక్కడ రాస్తారు? చిట్టాలో. గుమాస్తా ఒక లావు పుస్తకంలో పెన్సిల్‌తో గీకేస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించేవాళ్లం. అమ్మ పంపిన క్యారియర్ తినేసి నాన్న చిట్టా చదివేవాడు, నేను కొట్టేవాణ్ని. లారీ వచ్చిన రోజు 150, 200 ఎంట్రీలు. 12 దాటేసరికి మీ సాఫ్ట్‌వేర్ లాంటిదే మాదీ తేదీ మార్చేసేది. మెషీన్‌లో 14వ తేదీ అమ్మకం, కంప్యూటర్లో 15. "సరే, ఒక రోజే కదా" అనుకోకండి. అగ్రికల్చర్ ఆఫీసర్ తనిఖీకి వస్తే మెషీన్, స్టాక్ రిజిస్టరు, గోడౌన్లో బస్తాలు మూడూ కలవాలి. కలవకపోతే లైసెన్సు మీదికి వస్తుంది. అతను 6 సార్లు కంప్లయింటు పెట్టాడంటే 6 రాత్రులు ఆ భయంతో పడుకున్నాడు.

మీ కోడ్ తప్పు కాదు. బిల్లు రాత్రి పన్నెండున్నరకి ఎందుకు కొడుతున్నాడు అన్న ప్రశ్న మీకు రాలేదు, అంతే. ఎరువుల షాపు ఆ టైములో తెరిచి ఉండదని మీకూ తెలుసు కదా.

రిపోర్టు సంగతి: నాన్నకి ఏ మందు ఎన్ని డబ్బాలు ఉందో ర్యాక్ వంక చూస్తే తెలుస్తుంది. ఆయనకి తెలియనిది ఒక్కటే, వచ్చే 3 నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యేవి ఏవి, డిస్ట్రిబ్యూటర్ ఇంకా వెనక్కి తీసుకునేవి ఏవి. గడువు దాటితే అమ్మకూడదు, ఎవడూ తీసుకోడు, డబ్బు మట్టే. దానికి ఫిల్టర్లెందుకు? పొద్దున తెరవగానే ఒక చిన్న జాబితా కనపడితే చాలు.

ఇంకోటి అడుగుతా. మీ దాంట్లో రైతుని వెతకడం ఫోన్ నంబరుతోనా? మా వైపు పిల్లలు సిమ్ములు మార్చినప్పుడల్లా తండ్రుల నంబర్లూ మారిపోతాయి. నాన్న "ఫలానా ఊరు, ఫలానా వాళ్ల రెండో అబ్బాయి" అనే గుర్తుపెట్టుకుంటాడు. పత్తి అమ్ముడుపోయాక అప్పు వసూలుకి వెళ్లేది కూడా ఊరి లెక్కనే. ఇది కూడా ఒకసారి చూడండి.

బిల్లబుల్_అవర్స్:

పై సమాధానం చాలా బాగుంది, కానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. 19 ఏళ్లు సర్వీస్‌లో ప్రాజెక్టులు నడిపిన ఆడదాన్ని.

మీ తలలో లోపం ఉందని ఎందుకు అనుకుంటున్నారండీ? సర్వీస్‌లో క్లయింటు గంటకి, మనిషికి డబ్బిస్తాడు. "ఈ స్క్రీన్ మీకు అక్కర్లేదు సార్" అంటే మీ మేనేజరుకి బిల్లింగ్ తగ్గుతుంది. చేసిన తర్వాత క్లయింటు మనసు మార్చుకుంటే ఛేంజ్ రిక్వెస్ట్, అంటే మళ్లీ డబ్బు. ఆ వ్యాపారానికి "ఎందుకు" అని అడగనివాడే మంచి ఉద్యోగి. 11 ఏళ్లు మిమ్మల్ని అలాగే తయారుచేశారు, మీరు బాగా తయారయ్యారు కూడా.

ప్రాడక్టులో లెక్క తిరగబడుతుంది. 11 ఫిల్టర్లకి 5 వారాల జీతంతో ఖర్చు ఆగదు. ప్రతి రిలీజుకీ వాటిని టెస్ట్ చేయాలి, సపోర్టు వాళ్లకి నేర్పాలి, తెలుగులోకి మార్చాలి, డేటాబేస్ మారిస్తే సరిచేయాలి. ఆ 3 షాపుల కోసం, ఎన్నేళ్లయినా.

నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఆ టికెట్ రాసిందెవరు? దాన్ని స్ప్రింట్‌లో, అంటే వెంటనే చేయాల్సిన పనుల జాబితాలో, పెట్టిందెవరు? ఫౌండర్ కూడా ఆ గదిలోనే ఉన్నాడుగా? నవ్వే ముందు ఆ ప్రశ్న అక్కడ కూడా వేయాలి. ఇంక్రిమెంట్ తగ్గించడానికి "మైండ్‌సెట్" చాలా అనుకూలమైన మాట, కొలతకి దొరకదు. వచ్చే 6 నెలల్లో మీ పనిలో ఏం మారితే అది వచ్చినట్టు లెక్కో రాసి ఇమ్మనండి.

సేల్స్_బ్యాగు:

మేడమ్ అడిగినదానికి జవాబు నాకు తెలుసు. ఆ టికెట్ నాలాంటివాడే రాయించి ఉంటాడు. నేను వేరే కంపెనీలో సేల్స్, విజయవాడ నుంచి తిరుగుతాను. పెద్ద డిస్ట్రిబ్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ఏది అడిగినా "ఉంటుంది సార్" అంటాం. కాఫీ చల్లారేలోపు 11 ఫిల్టర్లు అయిపోతాయి. తర్వాత ఆయన కొనకపోయినా టికెట్ మాత్రం బతికే ఉంటుంది.

ఒక్కసారి మాత్రం అడిగాను, ఎందుకో ఆ రోజు బుద్ధి పుట్టింది. షాపాయన ఎక్సెల్ బటన్ కావాలన్నాడు. "ఎక్సెల్‌లో ఏం చేస్తారండీ?" అంటే ఆయనకి ఎక్సెల్ రాదట! ఆడిటర్‌కి వాట్సాప్‌లో పంపాలి, జీఎస్‌టీ రిటర్న్ 11వ తారీఖులోపు వేయాలి కాబట్టి. అప్పుడు మా టీమ్ ఆడిటర్‌కి కావాల్సిన ఫైలే నెల మొదట్లో తయారై వెళ్లేలా చేసింది. అప్పటి నుంచి సేల్స్ నోట్స్‌లో "ఏం అడిగారు" పక్కన "దాంతో ఏం చేస్తారు" అని ఒక గడి పెట్టుకున్నాను. సగం సార్లు ఖాళీగానే ఉంటుంది, అబద్ధం చెప్పను.

ఫ్రీమాంట్_నుంచి:

ఇక్కడ అమెరికాలో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసిన పాత కథ ఒకటి. ఇన్‌ట్యూట్ కంపెనీ క్వికెన్ అని ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మేది. దాన్ని కొన్నవాళ్ల వెంట, వాళ్ల అనుమతితో, ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని చూసేవాళ్లు. ఇళ్ల కోసం చేసినదాన్ని చాలామంది తమ చిన్న వ్యాపారాల లెక్కలకి వాడుతున్నారని వాళ్లకి తెలిసొచ్చింది. డెబిట్, క్రెడిట్ తెలియనివాళ్లకి అసలైన అకౌంటింగ్ ప్యాకేజీ కంటే అదే సులువు మరి. 1992లో వచ్చిన క్విక్‌బుక్స్ అలా పుట్టిందే. మీరు కూడా వెళ్లండి. వెళ్లినప్పుడు "ఇక్కడ నొక్కండి సార్" అనకండి. అదే కష్టం.

టికెట్_మూసేవాడు:

అందరికీ థ్యాంక్స్. మేడమ్, రాసివ్వమని అడిగాను, "చూద్దాం" అన్నారు.

శనివారం పొద్దున హనుమకొండ బస్సెక్కి, అక్కడి నుంచి ఆ 6 కంప్లయింట్ల షాపుకి వెళ్లాను. షాపాయన మొదట "ఏం అమ్మడానికొచ్చావు బాబూ?" అన్నాడు. నేనే ఆ తేదీ టికెట్ మూసింది అని చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం రాలేదు. రాత్రి 12:20 దాకా ఉన్నాను. కొట్టు_అబ్బాయి చెప్పిన చిట్టా, సగం దించిన షట్టర్, అన్నీ అచ్చంగా అలాగే. పాత చీర బదులు యూరియా సంచి, అదొక్కటే తేడా.

12 కొట్టగానే ఆయన ఏం చేశాడో తెలుసా? ల్యాప్‌టాప్ గడియారం ఒక రోజు వెనక్కి తిప్పాడు. "పాత సాఫ్ట్‌వేర్‌లో ఇలా చేస్తే పనయ్యేది, మీ దాంట్లో ఎందుకు కాదు?" అన్నాడు. మేం తేదీ సర్వర్ నుంచి తీసుకుంటాం. గడియారంతో ఆటలాడకుండా కావాలనే అలా పెట్టాను, నాకు గర్వంగా కూడా ఉండేది ఆ డిజైన్ మీద.

టికెట్ మళ్లీ తెరిచాను. "రోజు ముగించు" అని ఆయన నొక్కేదాకా పాత తేదీనే ఉంచాలని ఆలోచన. కానీ ఒక చిక్కు. చిట్టా సగంలో ఉండగా పొద్దున్నే ఒక రైతు వచ్చి కౌంటర్ దగ్గర బిల్లు కావాలంటే? కొత్త తేదీ బిల్లు మధ్యలో పడి, తర్వాత మళ్లీ పాత తేదీ బిల్లులు వస్తాయి. నంబర్ల వరస చెడిపోదా?

కొట్టు_అబ్బాయి:

రెండు సిరీస్‌లు పెట్టండి అన్నా. కాగితం రోజుల్లో నాన్నకి కౌంటర్ బిల్లు బుక్కు వేరు, చిట్టా బిల్లు బుక్కు వేరు. జీఎస్‌టీ రూల్స్‌లో కూడా ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు ఉండొచ్చు, ఏ సిరీస్‌కి ఆ సిరీస్ నంబర్లు వరసగా ఉంటే చాలు. అయినా మీ ఆడిటర్‌ని ఒకమాట అడగండి.

ఈసారి వెళ్తే మాత్రం వాన పడిన మర్నాడు వెళ్లకండి. కూర్చోడానికి స్టూల్ కూడా మిగలదు.