బొమ్మల షాపు నడుపుతూ కథలు రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న:
సైనిక్‌పురిలో చిన్న షాపు నాది. చేర్యాల పటాలు (గుడ్డ మీద కథలు గీసిన పొడవాటి చుట్టలు), నిర్మల్ బొమ్మలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు పెడతాను. కొనేవాళ్లకన్నా అడిగేవాళ్లే ఎక్కువ, అయినా బొమ్మల గురించి చెప్పడం నాకు ఇష్టమే. కానీ కథ రాద్దామని నోట్‌బుక్ తీస్తే రెండో వాక్యం దగ్గరే ఎవరో వచ్చి "ఇది ప్రింటా అండీ?" అంటారు. రాత్రి జీఎస్టీ లెక్కలు, కొరియర్ ప్యాకింగ్. ఏడాదిగా ఒక్క కథా పూర్తవలేదు. రెండిట్లో ఏదో ఒకటి పెట్టుకోమని ఇంట్లో అంటున్నారు, నాకేమో రెండూ కావాలి. ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1:
షాపు మాత్రం తీసేయకండి. నాది చీరల కొట్టు. పొద్దున షట్టర్ సగమే ఎత్తి గంటసేపు రాసుకుంటాను, ఆ గంటలో ఫోన్ ముట్టను.

జవాబు 2:
అక్కా, మాది చేర్యాల పక్క ఊరే. చిన్నప్పుడు మా పద్మశాలీల వాడకు పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. పటం 3 అడుగుల వెడల్పు, పొడవు 40 అడుగులు ఉంటుందేమో, మొత్తం ఒకేసారి విప్పరు కదా, ఒక్కో గడి విప్పి, పుల్లతో చూపిస్తూ ఆ గడి కథ చెప్పి ఆగేవాళ్లు. మధ్యలో ఎవరో నీళ్లు తెచ్చినా, పిల్లాడు ఏడ్చినా కథ చెడిపోయేది కాదు, మళ్లీ పుల్ల ఎత్తి తర్వాతి గడి అందుకునేవాళ్లు. మీరూ గడి గడిగా రాయండి. ఒకసారి కూర్చుంటే ఒక సంఘటన, అంతే. కస్టమర్ వస్తే అది గడికీ గడికీ మధ్య పూల అంచు అనుకోండి.

జవాబు 3:
"ప్రింటా" అనే ప్రశ్నకు పటం పక్కనే ఒక కార్డు పెట్టండి. ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక నీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారని, ఒకటి ఆరాకే ఇంకొకటని రాయండి. బొమ్మ వేసినవాళ్ల పేరు తప్పకుండా ఉండాలి. ఇంకో మాట, వాళ్ల ఇంటి సంగతులు కథలో వాడుకునే ముందు వాళ్లను అడగండి. నేను అడగకుండా రాసి ఒక మంచి స్నేహం పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. రాత్రి ఆ కార్డు రాద్దామని కూర్చుంటే రెండు పేజీలయింది. పూత ఆరేదాకా ఆ ఇంట్లోవాళ్లు ఏం చేస్తుంటారో రాయబోతే నాకు తెలియలేదు. ఈ ఆదివారం షాపు మూసి చేర్యాల వెళ్తున్నా, అడిగే రాస్తాను.