అమ్మకి చెయ్యి ఆపరేషన్, మెలకువగా ఉంచే చేస్తారట, ఎవరైనా చేయించుకున్నారా?

ఖమ్మం పిల్ల:
అందరికీ నమస్తే. మా అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నా చిన్నప్పటి నుంచి అదే పని. పోయిన ఏడాది నుంచి కుడి చెయ్యి ఒకటే తిమ్మిర్లు, బొటనవేలు చూపుడువేలు మధ్యవేలు మొద్దుబారిపోవడం, అర్ధరాత్రి లేచి కూర్చుని చెయ్యి విదిలించుకోవడం. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించలేకపోతోంది, హుక్కులు కుట్టాలంటే నన్ను పిలుస్తోంది. నరాల టెస్టు చేయిస్తే కార్పల్ టన్నెల్ అన్నారు, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం. మణికట్టుకి బెల్టు పెట్టుకుంది, ఒక ఇంజెక్షన్ కూడా చేయించాం, కొన్నాళ్ళు బానే ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఆపరేషనే అంటున్నారు, చిన్నదేనట, కానీ పూర్తి మత్తు ఇవ్వరట, అరచేతిలో ఇంజెక్షన్ చేసి మెలకువగా ఉండగానే కోస్తారట. అది విన్నప్పటి నుంచి అమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు, "నా చెయ్యి కోస్తుంటే నేను చూస్తా పడుకోవాలా" అని ఒకటే మాట.

ఇంకో భయం ఏంటంటే తిమ్మిరి మందులో రక్తనాళాలు ముడుచుకునేలా చేసే అడ్రినలిన్ కలుపుతాం, రక్తం రాకుండా చేతికి బిగించే పట్టీ వాడం అన్నారు డాక్టరు గారు. మా బాబాయికి మెడికల్ షాపు ఉంది, ఆయనేమో చేతివేళ్ళ దగ్గర అడ్రినలిన్ ఇస్తే రక్తం ఆగిపోయి వేలు నల్లబడిపోతుంది, అస్సలు ఒప్పుకోవద్దు అంటున్నారు. అమ్మకి షుగర్ కూడా ఉంది. నొప్పి ఎంత ఉంటుంది, మధ్యలో మందు తిమ్మిరి దిగిపోతే ఏం చేస్తారు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

నిడదవోలు టీచర్:
అమ్మా, నాకు ఇదే ఆపరేషన్ ఇలాగే మెలకువగా ఉండగానే చేశారు, కుడి చెయ్యే, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. నొప్పి ఉన్నదల్లా ఇంజెక్షన్ దగ్గరే. పడుకోబెట్టి మణికట్టు దగ్గర సన్న సూదితో మొదలెట్టారు, మొదటి పోటు చీమ కుట్టినట్టు చురుక్కుమంది, తర్వాత మందు మెల్లగా ఎక్కిస్తుంటే లోపల ఉబ్బినట్టు బరువుగా అనిపించింది తప్ప నొప్పి కాదు. కాసేపటికి అరచేయి అంతా తెల్లగా పాలిపోయింది, నేను కంగారుపడితే మందు పనిచేస్తోందండి, అలాగే అవ్వాలి అన్నారు. అప్పుడు పక్క గదిలో ఓ అరగంట కూర్చోబెట్టారు.

లోపలికి తీసుకెళ్ళాక మధ్యలో గుడ్డ అడ్డం కట్టేస్తారు, చూడమన్నా ఏం కనపడదు, మీ అమ్మగారికి ఈ మాట ముందు చెప్పండి. ముట్టుకోవడం తెలుస్తుంది, లాగడం తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలీదు. ఈ తేడా ముందే తెలీకపోతే చెయ్యి మీద ఏదో కదిలినట్టు అనిపించగానే మందు ఎక్కలేదేమో అని గుండె జారిపోతుంది. సిస్టర్ నాతో మా అబ్బాయి పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుతూనే ఉంది, అది ముగిసేలోపు అయిపోయింది అన్నారు. కుట్లు వేసే ముందు గుప్పిట మూసి తెరవమన్నారు, తెరిచాను.

ఆ రాత్రే తిమ్మిరితో లేవకుండా పడుకున్నాను. కానీ వేలి కొసల్లో మొద్దు పోవడానికి నెలలు పట్టింది, మీ అమ్మగారికి సూది పట్టు కూడా వెంటనే రాకపోవచ్చు, దానికి బెంగపడొద్దు. అరచేయి మొదట్లో రెండు పక్కలా నొక్కితే నొప్పి కూడా కొన్నాళ్ళు ఉంటుంది, చపాతీ పిండి పిసకడం, బిందె ఎత్తడం అప్పుడే వద్దు.

మత్తు డాక్టర్:
నేను మత్తు డాక్టర్‌ని. మీ బాబాయి గారి మాట ఊరికే పుట్టింది కాదమ్మా, వేళ్ళకి అడ్రినలిన్ వద్దు అని మా పుస్తకాల్లోనే ఉండేది, మేమూ అదే చదువుకున్నాం. ఆ భయం ప్రొకైన్ వాడిన రోజుల నుంచి వచ్చింది. 1948లో లిడోకైన్ వచ్చింది, మన దగ్గర అందరూ జైలోకైన్ అంటారే అదే, దానికి ముందు నొప్పి తెలీకుండా చేయడానికి ప్రొకైన్ ఎక్కువ వాడేవాళ్ళు. అది నిల్వ ఉంటే ఆమ్లంగా మారి కండని తినేసేది. వేళ్ళు పోయిన కేసులు ఆ కాలంవి, నింద మాత్రం పక్కనున్న అడ్రినలిన్ మీద పడింది. కెనడాలో లలోండ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆయనతో పనిచేసిన డాక్టర్లు 2005లో 3,110 కేసుల లెక్క ప్రచురించారు, అందరికీ చేతికో వేళ్ళకో అడ్రినలిన్ ఇచ్చారు, ఒక్క వేలు కూడా పోలేదు. అవసరమైతే ఆ ప్రభావాన్ని తిప్పేయడానికి ఫెంటోలమిన్ అనే విరుగుడు ఉంది, ఆ కేసుల్లో దాని అవసరమే రాలేదు. పట్టీ లేకుండా, మెలకువగా ఉంచి, చేసే చోట మాత్రమే మందు ఇచ్చే ఈ పద్ధతినే వాలంట్ (WALANT) అంటారు.

అయితే వేళ్ళకి ముందే రక్తప్రసరణ బాగోలేనివాళ్ళ సంగతి వేరు. చలికి వేళ్ళు తెల్లబడటం, నీలంగా మారటం, వేలి కొసల్లో మానని పుండ్లు, ఇలాంటివి అమ్మకి ఉంటే సర్జన్‌కి తప్పకుండా చెప్పండి. షుగర్ ఉంది కాబట్టి ఇది అడగకుండానే చెప్పాల్సిన విషయం.

పట్టీ లేకపోవడం నిజంగా పెద్ద వరం. బీపీ మిషన్ పట్టీ లాంటిదాన్నే చేతికి గట్టిగా గాలి కొట్టి బిగిస్తారు, పావుగంట దాటేసరికి మెలకువగా ఉన్నవాళ్ళు ఆ నొప్పే భరించలేరు. అడ్రినలిన్ రక్తనాళాలని మూస్తుంది కాబట్టి పట్టీ అక్కర్లేదు. నొప్పి తెలియడం తొందరగానే పోతుంది కానీ రక్తనాళాలు బాగా ముడుచుకోవడానికి అరగంట దాకా పడుతుంది, పైన టీచర్ గారిని కూర్చోబెట్టింది అందుకే. ఆ టైంలో కొంతమందికి గుండె దడ, చేతులు వణకడం వస్తాయి, అది అడ్రినలిన్ వల్ల, కాసేపటికి తగ్గిపోతుంది, అమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

తిమ్మిరి దిగిపోతుందేమో అన్నారు. ఆపరేషన్ అయ్యేది పావుగంట ఇరవై నిమిషాల్లో, మందు గంటల తరబడి ఉంటుంది. ఎక్కడైనా చురుక్కుమంటే నోరు తెరిచి చెప్పాలి అంతే, ఇంకాస్త మందు వేస్తారు. అడ్రినలిన్ కలిపిన లిడోకైన్ కిలోకి 7 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు, అంటే 50 కిలోల మనిషికి ఒక్క శాతం మందు (ఎంఎల్‌కి 10 మిల్లీగ్రాములు) 35 ఎంఎల్, దీనికి మామూలుగా 20 ఎంఎల్ చుట్టుపక్కల సరిపోతుంది. మన ఆడవాళ్ళు పంటి బిగువున ఓర్చుకుంటారు, ఇక్కడ ఆ ఓర్పు వద్దు.

ఓరుగల్లు తమ్ముడు:
అక్కా నాది వేరే కేసు కానీ చెప్పాలె అనిపించింది. రేకులు దించుతుంటే జారి ఉంగరం వేలు కింద కోసుకుపోయింది, వేలు ముడుసుకుంటలేదు, లోపల టెండన్, అంటే వేలిని ముడిచే నరం లాంటి తాడు, తెగింది అన్నరు. నాక్కూడ గిట్లనే మెలకువ మీదనే చేసిండ్రు. నేనైతే చూస్తా అని అడిగిన, గుడ్డ జరిపిండ్రు. తెల్లటి తాడు లెక్క ఉన్న టెండన్ రెండు కొసలు కలిపి కుట్టినంక సార్ "ఇగ ముడువు" అన్నడు. ముడిస్తె సగం వచ్చి ఆగింది, కుట్టిన కాడ లావుగ ఉండి లోపల దారిల తట్టుకుంటున్నది. సార్ అక్కడ సరిజేసి మళ్ళ ముడవమన్నడు, ఈసారి అరచేతి దాక వచ్చింది. నేను నిద్రల ఉంటే ఆ తట్టుకునుడు ఎవలకు తెలుస్తుండె? కట్టు విప్పినంకనే బయటపడేది, మళ్ళ కోయాల్సొస్తుండె. మెలకువ ఉంచుడు పైసలు మిగుల్చుకునేటందుకు అనుకునేటోళ్ళకు ఇది చెప్పుండ్రి.

చీరాల కోడలు:
అందరూ ధైర్యం చెప్తున్నారు, మంచిదే, కానీ ఆవిడ నిజంగా వద్దంటే బలవంతం చేయకండి. మా ఆడపడుచు సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోయే మనిషి, ఆవిడకి భుజం దగ్గర ఇంజెక్షన్‌తో చెయ్యంతా మొద్దుబారేలా చేసి కొద్దిగా నిద్రమందు ఇచ్చి చేశారు, అదీ బానే జరిగింది. చెయ్యంతా ఆ రోజు వేలాడిపోయింది, స్లింగ్‌లో పెట్టుకుని తిరిగింది అంతే. వేరే దారి ఉందా అని అడగటానికి మొహమాటపడొద్దు.

ఖమ్మం పిల్ల:
అందరికీ చాలా థాంక్స్ అండి, అమ్మకి అన్నీ చదివి వినిపించాను, గుడ్డ అడ్డం కడతారు అన్న దగ్గర రెండోసారి చదవమంది. తమ్ముడూ, నీ సంగతి బాబాయికి కూడా చెప్పాను. డాక్టర్ గారూ, ఆ రోజు షుగర్ టాబ్లెట్ వేసుకోవచ్చా, ఖాళీ కడుపుతో వెళ్ళాలా?

మత్తు డాక్టర్:
ఈ పద్ధతికి పస్తు అవసరం ఉండదు, మామూలుగా టిఫిన్ తిని టాబ్లెట్ వేసుకుని రావచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి ఇది చాలా మేలు. కానీ ఒక్కో ఆసుపత్రిది ఒక్కో రూలు, ముందు రోజు ఫోన్ చేసి అడగండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలుంటే మీ అంతట మీరు ఆపకండి, అదీ అడగండి. ఇంజెక్షన్ మాత్రం పడుకునే వేయించుకోమనండి, కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి.

నిడదవోలు టీచర్:
గాజులు, ఉంగరం ముందు రోజు రాత్రే సబ్బు రాసి తీసేయండమ్మా, వేలు వాచిందంటే ఉంగరం కోయాల్సొస్తుంది. కట్టు ఉన్నన్నాళ్ళు చెయ్యి గుండె కంటే ఎత్తులో, దిండు మీద పెట్టుకోమనండి, వేళ్ళు మాత్రం మొదటి రోజు నుంచే ఆడిస్తూ ఉండాలి. కుట్లు విప్పేదాకా, అంటే రెండు వారాలు, స్నానానికి ప్లాస్టిక్ కవరు కట్టుకోవాలి. పెళ్ళిళ్ళ బ్లౌజులు ఒప్పుకుని ఉంటే ఇప్పుడే ఫోన్లు చేసి వేరేవాళ్ళకి ఇప్పించేయండి, లేకపోతే ఆవిడ కట్టుతోనే మిషన్ ముందు కూర్చుంటారు.