టువాలు ఎంబసీ వాషింగ్టన్‌లో ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం: మధ్యాహ్నం నుంచి వెతుకుతున్నానండీ, కళ్లు లాగేస్తున్నాయి. ఫిజీది దొరికింది, పలావుది దొరికింది, మార్షల్ దీవులదీ దొరికింది. పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం టువాలుది మాత్రం వాషింగ్టన్‌లో ఎక్కడా కనిపించట్లేదు. రేపటికల్లా కావాలి.

రేవు: అక్కడ లేదు. న్యూయార్క్‌లో చూడండి.

పాతమాస్టారు: అసలు విషయం చెప్తాను. దేశాల మధ్య రాయబార సంబంధాల మీద కుదిరిన 1961 వియన్నా ఒడంబడిక 5వ అధికరణం చదవండి. ఒకే మనిషిని రెండు మూడు దేశాలకు రాయబారిగా పంపవచ్చు, ఆయనే అంతర్జాతీయ సంస్థలోనూ తన దేశం తరఫున కూర్చోవచ్చు. టువాలు జనాభా 11 వేలు దాటితే గొప్ప. ఊరూరా కార్యాలయాలు ఎలా నడుపుతుంది? న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో ఉన్న ప్రతినిధే అమెరికాకూ రాయబారి. అమెరికా చేసేదీ అదే. టువాలు రాజధాని ఫునాఫుటిలో దానికి ఎంబసీ లేదు, ఫిజీలోని సువా నుంచే చూసుకుంటుంది.

నల్లమల: ఆ సమితిలో చేరడానికి అయిన ఖర్చుకు ఇంటర్నెట్‌లో టువాలుకు దక్కిన '.టీవీ' డొమైన్ మీద వచ్చిన డబ్బే ఆదుకుంది. 2000లో సభ్యత్వం వచ్చింది. దీని గురించి ఎవరూ మాట్లాడరెందుకో!

రేవు: దేనికోసమో చెప్పండి ముందు. వీసాకా?

కృష్ణాతీరం: అయ్యో, వీసాకి కాదండీ. మా పాపకి స్కూల్లో మాక్ యూఎన్ (పిల్లలు దేశాల ప్రతినిధుల్లా మాట్లాడే నమూనా ఐక్యరాజ్యసమితి) ఉంది, టువాలు తరఫున మాట్లాడాలి. వాళ్ల ఎంబసీకి ఉత్తరం రాయమన్నారు టీచరు.

రేవు: అయితే మీకు కావాల్సింది ఎంబసీ కాదు. సమితిలో శాశ్వత ప్రతినిధి కార్యాలయం.

పాతమాస్టారు: 'ఎంబసీ కాదు' అని తేల్చేయకండి. ఆ రాయబారి వైట్‌హౌస్‌కి వెళ్లి అధికార పత్రాలు ఇచ్చిన మనిషి. ఎక్కడ కాపురమున్నా అమెరికాకు రాయబారే.

రేవు: కవరు మీద ఏం రాయాలన్నది ఆవిడ ప్రశ్న.

నల్లమల: మరి సువాలో ఉన్న టువాలు కార్యాలయాన్ని ఎంబసీ అనకుండా హైకమిషన్ అంటారేం?

పాతమాస్టారు: ఫిజీ, టువాలు రెండూ కామన్వెల్త్ దేశాలు కాబట్టి. ఆ కూటమి దేశాలు ఒకదాని దగ్గర ఇంకొకటి పెట్టుకునే ఎంబసీని అలాగే పిలుస్తాయి. అమ్మా, పాపతో 1979 స్నేహ ఒప్పందం గురించి కూడా అడిగించండి. ఫునాఫుటితో సహా నాలుగు దీవులు తనవన్న వాదనను అమెరికా అందులోనే వదులుకుంది. అమలుకు వచ్చింది 1983లో. ఇంత చిన్న దేశం అంత పెద్ద దేశంతో సంతకం పెట్టించుకుంది, పిల్లలకు తెలియాలి.

కృష్ణాతీరం: న్యూయార్క్ చిరునామా దొరికింది. రాయిస్తున్నాను. థాంక్సండీ.

నల్లమల: నౌరుకి కూడా ఇదే పద్ధతా మాస్టారూ?