సర్ డగ్ నికోల్స్ రాణిగారి పతకాలు తీసుకోకుండా ఉండాల్సిందా?

యారా ఒడ్డు:
మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్ళకి మే నెలాఖరులో వచ్చే సర్ డగ్ నికోల్స్ రౌండ్ తెలిసే ఉంటుంది. ఫుటీ (ఆస్ట్రేలియా పద్ధతి ఫుట్‌బాల్) జట్లన్నీ ఆస్ట్రేలియా మూలవాసుల చిత్రాలున్న జెర్సీలు వేసుకుని ఆడతాయి. మా అబ్బాయి "ఈయనెవరు నాన్నా, పేరు ముందు సర్ ఎందుకుంది?" అనడిగాడు. వాడికి చెబుదామని చదవడం మొదలుపెడితే నాకే ఒక ప్రశ్న మిగిలింది.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1906లో ముర్రే నది పక్కన కమరగంజాలో పుట్టారు, యోర్తా యోర్తా అనే మూలవాసి తెగ మనిషి. ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడు పోలీసులు వచ్చి అక్క హిల్డాని ఇంట్లోంచి తీసుకుపోయారు; మూలవాసుల పిల్లల్ని అలా లాక్కుపోవడం అప్పటి ప్రభుత్వ పద్ధతి. కుర్రతనంలో కార్ల్‌టన్ జట్టులో చేరబోతే, నల్లవాడని ఒళ్ళు మర్దన చేసేవాళ్ళు కూడా ముట్టుకోలేదు. నార్త్‌కోట్‌కి ఆడి, తర్వాత 1932 నుంచి 1937 దాకా ఫిట్జ్‌రాయ్‌కి 54 మ్యాచ్‌లు ఆడారు. మనిషి ఐదడుగుల రెండంగుళాలే, అయినా 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యారు. ఆ పైన పాస్టర్ అయ్యారు. తర్వాత బ్రిటిష్ రాణి పేరున ఇచ్చే గౌరవాలు: 1957లో ఎం.బి.ఇ., 1968లో దానికి పై మెట్టు ఓ.బి.ఇ., 1972లో సర్ బిరుదు. మూలవాసుల్లో ఆ బిరుదు అందుకున్న మొదటివాడు ఆయనే. 1976లో రాణి ప్రతినిధిగా సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్.

హిల్డాని పట్టుకుపోయిన పోలీసులు ఏ రాజముద్ర పేరు చెప్పి వచ్చారో, అదే ముద్ర ఉన్న పతకాన్ని తమ్ముడు గుండెల మీద పెట్టుకోవడం నాకు మింగుడుపడటం లేదు. 1972 జనవరి 26న కాన్‌బెర్రాలో పార్లమెంటు ఎదురుగా నలుగురు మూలవాసి కుర్రాళ్ళు బీచి గొడుగు పాతి, మా భూమి మాకివ్వండని కూర్చున్నారు. ఈయన సర్ అయింది ఆ ఏడాదే. ఠాగూర్ 1919లో అదే బిరుదు వదిలేశారు కదా. నికోల్స్ కూడా వద్దని ఉండాల్సింది. మీరేమంటారు?

నాగావళి:
మాది శ్రీకాకుళం జిల్లా అండీ. మా గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మధ్య తిరిగి, వాళ్ళ భాష నేర్చి, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని ఆస్తి ఖర్చుపెట్టారు. ఆయనకీ బ్రిటిష్‌వాళ్ళు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. గాంధీగారు 1920లో తిరిగిచ్చేసింది కూడా ఆ పతకాన్నే. అంతమాత్రాన గిడుగువారిని తక్కువ చేస్తామా? చేసిన పని చూడాలి.

యారా ఒడ్డు:
గిడుగువారంటే నాకూ గౌరవమే. కానీ ఆయన సవర కాదండీ. భూమి పోయింది ఆయనది కాదు, అక్కని కోల్పోయిందీ ఆయన కాదు. పోలిక అక్కడే తెగిపోతోంది.

తుంగభద్ర:
యారా ఒడ్డు గారూ, మీరు ఆయన తీసుకున్నవన్నీ వరసగా రాశారు, వదిలేసింది రాయలేదు. నా మాటంతా దాని గురించే.

1957లో ఎం.బి.ఇ. వచ్చింది. ఆ ఏడాదే విక్టోరియా ప్రభుత్వపు అబొరిజినీస్ వెల్ఫేర్ బోర్డులో, అంటే మూలవాసుల సంక్షేమ బోర్డులో సభ్యుడయ్యారు. పతకం గోడకి తగిలించుకునేది. బోర్డు అలా కాదు, ఏ కుటుంబం ఎక్కడుండాలో తేల్చే చోటు. విక్టోరియాలోని గిప్స్‌లాండ్‌లో లేక్ టైర్స్ అని మూలవాసులకి కేటాయించిన సుమారు నాలుగు వేల ఎకరాల రిజర్వు ఉంది. దాన్ని మూసేసి, అక్కడివాళ్ళని తలో ఊరికీ చెదరగొట్టి తెల్లవాళ్ళలో కలిపేయాలని బోర్డు ఆలోచన. నికోల్స్ లోపల ఉండి వాదించారు. వినకపోతే 1963లో బోర్డుకి రాజీనామా చేసి, తనవాళ్ళని వెంటబెట్టుకుని మెల్‌బోర్న్ వీధుల్లో నడిచారు. 1965లో లేక్ టైర్స్ శాశ్వత రిజర్వు అయింది. 1970 చట్టంతో ఆ భూమి అక్కడుండేవాళ్ళ పేరనే రాసిచ్చారు. విక్టోరియాలో మూలవాసులకి ప్రభుత్వం భూమి తిరిగి రాసివ్వడం అలా మొదలైంది.

అధికారం ఉన్నదాన్ని వదిలేశాడు, అధికారం లేనిదాన్ని ఉంచుకున్నాడు. లొంగిపోయినవాడు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాడు.

ఇంకో సంగతి. ఈయనది పైనుంచి కిందికి దిగివచ్చిన పెద్దరికం కాదు. నార్త్‌కోట్ మైదానం చూసుకునే ఉద్యోగం చేశారు. యుద్ధంలో సైన్యానికి పిలుపొస్తే, 1942లో ఫిట్జ్‌రాయ్ పోలీసులే ఆయన్ని మాకు వదలండని అడిగారు. అక్కడి మూలవాసుల ఇళ్ళల్లో తాగుడు, గొడవలు, కోర్టు కేసులు ఏం వచ్చినా ఆయన మాటే వినేవారు మరి. గోర్ స్ట్రీట్ చర్చిలో ప్రసంగాలు, నార్త్‌కోట్‌లో భార్య గ్లాడిస్‌తో కలిసి ఆడపిల్లల హాస్టలు. ఇంటద్దె ఇవ్వని చోట, ఉద్యోగం ఇవ్వని చోట ఆ ఎం.బి.ఇ. అనే మూడక్షరాలు ఒక తలుపైనా తెరిపించి ఉంటాయని నా నమ్మకం.

మంజీర:
తుంగభద్ర అన్నా, లేక్ టైర్స్ సంగతి ఒప్పుకుంటా. కానీ అప్పటి కుర్రాళ్ళ కోపాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలె. 1969లో మెల్‌బోర్న్ మూలవాసి యువకులు బ్లాక్ పవర్, అంటే మా సంగతి మా చేతిలోనే ఉండాలె అన్నప్పుడు ఈయనకు నచ్చలేదు. పియానోల నల్ల మెట్లు, తెల్ల మెట్లు రెండూ ఉంటేనే రాగం నిండుగా వస్తదనేవాడు. మెట్లు ఎవరి చేతి కింద ఉన్నయన్నది ఆ పిల్లల ప్రశ్న. అది తప్పు ప్రశ్న కాదు.

అయితే 1938 జనవరి 26న, తెల్లవాళ్ళు ఆ గడ్డ మీద దిగి నూటయాభై ఏండ్లయిందని సంబరం చేసుకుంటుంటే, సిడ్నీల సంతాపదినం సభ పెట్టి మాట్లాడినవాళ్ళల్ల ఈయన కూడా ఉన్నడు. కాన్‌బెర్రాల గొడుగు పాతిన కుర్రాళ్ళు ఎంచుకున్న తేదీ కూడా అదే. వాళ్ళకంటే 34 ఏండ్ల ముందే ఈయన అక్కడ నిలబడ్డడు. అందుకే ఇటు వాళ్ళను, అటు ఈయనను విడదీసి తీర్పు చెప్పుడు నాకు చేతకాదు.

యారా ఒడ్డు:
1963 రాజీనామా సంగతి నాకు నిజంగా తెలియదు. తుంగభద్ర గారూ, ఎం.బి.ఇ., ఓ.బి.ఇ.ల మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పనికి వాడుకున్నారు, సరే. గవర్నర్ పదవి మీద మాత్రం తీసుకోను.

తుంగభద్ర:
1976 డిసెంబరు 1న ప్రమాణం చేశారు. జనవరిలో పక్షవాతం వచ్చింది, ఏప్రిల్ 30న దిగిపోయారు. ఐదు నెలలు, అందులో సగానికి పైగా జబ్బుతోనే. ఆ కుర్చీలో ఏం చేసి ఉండేవారో చూసే అవకాశమే రాలేదు.

యారా ఒడ్డు:
ఏం చేసి ఉండేవారన్నది కాదండీ నేను అడిగేది. ప్రమాణం ఎవరి పేరున చేశారన్నది. 1988లో పోయాక ఆయన్ని కమరగంజా మట్టిలోనే పెట్టారు. ఆ మట్టి ఎవరిదో ఆయనకి తెలుసు. తెలిసీ ఆ ప్రమాణం చేశారు, నాకు ఇంకా అక్కడే ఆగిపోతోంది.