తేమ ప్రాంతంలో మంచి స్పీకరు పెట్టె: ఎమ్‌డీఎఫా, ప్లైవుడ్డా? మూసిన పెట్టా, గొట్టం పెట్టా?

అమలాపురం శ్రోత:
మిత్రులకు నమస్కారం. మా కొత్త డాబా ఇంటి హాలు 16 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉంటుంది. అందులోకి 6.5 అంగుళాల కాగితపు కోను వూఫరు (కింది స్వరాలు పలికేది), ఒక అంగుళం సిల్కు డోము ట్వీటరు (పై స్వరాలు పలికేది)తో ఒక జత స్పీకర్లు చేయించుకోవాలని ఉంది. నెట్లో దొరికే డిజైన్లన్నీ 18 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ వాడమంటున్నాయి (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక ఇది). వానాకాలంలో బీరువా తలుపులే బిగుసుకుపోయే మన ప్రాంతంలో అది నిలుస్తుందా? మూసిన పెట్టె మేలా, లోపలి గాలి బయటికి వచ్చేలా గొట్టం ఉన్నది మేలా? నేను ఎక్కువగా వినేది కర్ణాటక గాత్రం, పాత సినిమా పాటలు. గోడలు అదిరే బేస్ అక్కరలేదు.

భీమవరం చెక్కపని:
ఎమ్‌డీఎఫ్ ఒకసారి నీరు పీల్చి ఉబ్బితే, ఎండిన తరువాత కూడా పాత మందానికి తిరిగి రాదు. మా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన ఒక జతలో అడుగు పలక అంచు ఉబ్బి, పక్క పలకతో కలిసే చోట రంగు మీద వెంట్రుకవాసి గీత పడింది. బేస్ స్వరం వచ్చినప్పుడల్లా ఆ గీతలోంచి గాలి సన్నగా బుసకొట్టేది. ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఐఎస్ 303 మామూలు రకం, రెండింటినీ కలగలిపి చెప్పే దుకాణాలు ఉన్నాయి. అయితే ఎమ్‌డీఎఫ్‌కు ఉన్న సుగుణం ప్లైవుడ్‌కు లేదు: అది లోపలంతా ఒకే తీరుగా ఉంటుంది. ప్లైవుడ్‌లో పొరల మధ్య ఖాళీ ఉంటే పెట్టె అక్కడే అదిరి చప్పుడు చేస్తుంది, కనుక కోయించే ముందు పలకంతా వేలి కణుపుతో తట్టి, బోలు శబ్దం వచ్చిన చోటును వదిలేయండి. సీలరు బయటే కాదు, లోపలి ముఖాలకూ, ముఖ్యంగా కోసిన అంచులకూ పట్టించాలి.

రాజమహేంద్రవరం ఇంజనీరు:
ప్లైవుడ్ విషయంలో భీమవరం వారి మాటే నా మాట. పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగుగా వాడుకుని చిన్న పెట్టెలో కూడా లోతైన బేస్ రాబట్టవచ్చని ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకరుతో చూపారు. గొట్టం పెట్టెల లెక్కను నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970లలోనూ ఒక దారికి తెచ్చారు. మూసిన పెట్టెలో కింది బేస్ ఆక్టేవుకు (అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున తగ్గితే, గొట్టం పెట్టెలో 24 చొప్పున పడిపోతుంది. మీ హాలు పొడవుకు సుమారు 35 హెర్ట్జ్, వెడల్పుకు సుమారు 43 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది. పైగా ఇటుక గోడలూ సిమెంటు కప్పూ బేస్‌ను బయటికి పోనివ్వవు. అటువంటి గదిలో మెల్లగా తగ్గే మూసిన పెట్టెకే నా ఓటు. పెంకుటిల్లయితే లెక్క మారుతుంది, చాలా బేస్ పెంకుల సందుల్లోంచి వెళ్ళిపోతుంది. వూఫరు క్యూటీఎస్ (కోను ఊగుడు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.4కు అటూ ఇటూ లేదా ఆపైన ఉంటే మూసిన పెట్టెకు పొసగుతుంది, 0.3 దరిదాపుల్లో ఉంటే గొట్టమే నయం.

నరసాపురం శ్రోత:
గాత్రం వినేవారికి చిక్కు బేస్‌లో లేదండీ. ముందు పలక 23 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, సుమారు 500 హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి కిందికి పోయేకొద్దీ ధ్వని పెట్టె వెనక్కి చుట్టుకుపోయి, ఎదుట వినేవారికి 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. క్రాసోవరులో (స్వరాలను వూఫరుకూ ట్వీటరుకూ పంచే సర్క్యూటు) దీన్ని సరిదిద్దకపోతే పాడేవారి గొంతు పలచబడుతుంది. స్పీకరును గోడకు దగ్గరగా పెట్టేవారు పూర్తి 6 డెసిబెల్స్ సరిదిద్దితే గొంతు బొంగురుపోతుంది, 3 చాలు. పదును అంచుల ఘనాకారం కన్నా గోళాకారపు పెట్టె ధ్వనిని ఎంతో సాఫీగా ఇస్తుందని ధ్వని ఇంజనీరు హ్యారీ ఓల్సన్ 1951లోనే చూపారు. గోళం మనకెలాగూ కుదరదు, కనీసం ముందు అంచులను గుండ్రంగా చెక్కించండి. ఎదుటి ధ్వని సమంగానూ, పక్కలకు పోయే ధ్వని సాఫీగానూ ఉన్న స్పీకర్లనే శ్రోతలు ఇష్టపడతారని ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ చేసిన, ఏ స్పీకరో తెలియకుండా వినిపించే గుడ్డి పరీక్షల్లో తేలింది. బోసి గోడలు, నేల మీద టైల్స్ ఉన్న మన హాళ్లలో పక్కలకు పోయిన ధ్వని అంతా తిరిగి చెవికే వస్తుంది. మీ వూఫరు 2,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని ఇరుకు చేస్తుంది కాబట్టి, ట్వీటరు తట్టుకుంటే అక్కడే నాలుగో శ్రేణి లింక్‌విట్జ్-రైలీ క్రాసోవరుతో (ఆక్టేవుకు 24 డెసిబెల్స్ చొప్పున కోసే రకం) విడదీయండి.

అంబాజీపేట పీచు:
పెట్టెలోకి విడి కొబ్బరి పీచు కుక్కమని ఇక్కడ చాలామంది చెబుతారు. అది తేమ పట్టి ముక్కవాసన వేస్తుంది, పొడి రాలి వూఫరు వెనక చేరుతుంది. రబ్బరు పట్టించిన పీచు పరుపు ముక్కను లోపలి గోడలకు అంటించి, మధ్యలో పాలిస్టరు దూది వదులుగా నింపితే సరిపోతుంది. మిగిలిన పరుపు ముక్కలకు గుడ్డ తొడిగి హాలు పక్క గోడలకు తగిలిస్తే చప్పట్ల ప్రతిధ్వని బాగా తగ్గుతుంది.

అమలాపురం శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. మూసిన పెట్టె, మెరైన్ ప్లైవుడ్ ఖాయం చేసుకున్నాను. వూఫరు అంచుకు ఫోమ్ ఉన్నది తక్కువ ధరకు వస్తోంది, తీసుకోవచ్చునా?

నరసాపురం శ్రోత:
వద్దండీ. ఈ ఉక్కలో ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఉన్నదే తీసుకోండి. మా వైపులా ఉప్పు గాలి తగిలే ఇల్లయితే వెనక టెర్మినళ్లు కూడా బంగారు పూత ఉన్నవి చూడండి, ఉత్త ఇత్తడివి పచ్చగా చిలుము పట్టి వైరు పట్టు వదిలేస్తుంది.