ధనుష్కోటి శిథిలాలు: ఒక పూటలో ఏవేం చూడొచ్చు?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలతో రామేశ్వరం వెళ్తున్నాం. దర్శనం అయ్యాక ఒక పూట ధనుష్కోటికి ఉంచుకున్నాం. 1964 తుపానుకు పాడైన పాత ఊళ్లో ఇప్పటికీ నిలిచి ఉన్నవి ఏవి? ఆటోవాళ్లు నేరుగా చివరిదాకా తీసుకెళ్లి తిప్పేస్తారట, నిజమేనా?

జవాబు 1: నిజమేనండి. చాలామంది రోడ్డు చివర సముద్రపు కొస అయిన అరిచల్ మునైలో దించి, కాసేపటికే వెనక్కి బయల్దేరతారు. అసలు చూడాల్సిన ఊరు దారిలోనే ఉండిపోతుంది. అందుకే బేరమాడేటప్పుడే చర్చి, స్టేషన్ దగ్గర ఆగాలని చెప్పి, పాత ఊరికి కనీసం గంట అడగండి.

చర్చికి పైకప్పు లేదు, గోడలే మిగిలాయి. కట్టింది పగడపు రాయితో. దగ్గరికెళ్లి చూడండి, రాయి నిండా తేనెపట్టులాంటి సన్నటి గూళ్లు. వాటిలోకి ఉప్పుగాలి చేరి, ఉప్పు గడ్డకట్టి, రాయి లోపలినుంచే పొడిపొడి అయిపోతుంది. పైకి గట్టిగా కనబడే గోడ కూడా ఎప్పుడు రాలుతుందో చెప్పలేం. ఆనుకోవద్దు, ఫొటోల కోసం ఎక్కొద్దు. పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవద్దు, అది వన్యప్రాణి చట్టం కింద నేరం.

స్టేషన్ దగ్గర కొన్ని మొండిగోడలు, నీళ్ల ట్యాంకు ఉన్నాయి. మద్రాసు నుంచి బోట్ మెయిల్ రైల్‌లో వచ్చినవాళ్లు ఇక్కడే స్టీమరెక్కి శ్రీలంకలోని తలైమన్నార్ చేరేవారు. 1964 డిసెంబర్ 22 రాత్రి తుపానులో, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు ఊరి దగ్గరికొచ్చాక కొట్టుకుపోయింది. 100 మందికి పైగా పోయారు. రామేశ్వరం దీవికి రైలు వచ్చే పాంబన్ వంతెనను 46 రోజుల్లో బాగుచేశారు గానీ, ధనుష్కోటికి మాత్రం పట్టాలు మళ్లీ వేయలేదు. ఇది తెలుసుకుని వెళ్తేనే ఆ గోడల విలువ తెలుస్తుంది.

జవాబు 2: పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. 2017 నుంచి చివరిదాకా తారురోడ్డు ఉంది. శిథిలాల దగ్గర మాత్రం కొంచెం ఇసుకలో నడవాలి, పట్టీ ఉన్న చెప్పులు మేలు. నీడ దాదాపు ఉండదు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. దారిలో కోదండరామస్వామి గుడి కూడా చూడండి, తుపానుకు తట్టుకుని నిలిచింది. సాయంత్రం చెక్‌పోస్టు మూసేస్తారు, చీకటి పడ్డాక లోపల ఉండనివ్వరు. అరిచల్ మునైలో నీళ్లలోకి దిగొద్దు. రెండు వైపుల సముద్రం కలిసేచోట ప్రవాహం లాగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. అక్కడ మనుషులు ఎవరైనా ఉంటారా?

జవాబు 3: ఉంటారు. జాలరి కుటుంబాలు గుడిసెల్లో ఉంటున్నాయి. చుట్టూ ఉప్పునీరే అయినా, ఇసుకలో కొన్ని అడుగుల గుంట తవ్వి మంచినీళ్లు తోడుకుంటారు. ఆ గుంటల్లో కాళ్లు పెట్టకండి, అడగకుండా ఇళ్లను ఫొటో తీయకండి. ఇంకొకటి, ఫోన్ అక్కడ శ్రీలంక నెట్‌వర్క్ పట్టేస్తుంటుంది. బయల్దేరే ముందే రోమింగ్ ఆపేయండి.