జూలై 4 పాట్‌లక్‌కి వీగన్ పాస్తా సలాడ్: రాత్రి చేస్తే తెల్లారేసరికి పొడిబారుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
పార్కులో భోజనాలు, తలా ఒక వంటకం. 20 మందిమి, ఇద్దరు వీగన్ (మాంసమే కాదు, పాలు, గుడ్లు, తేనె కూడా తినరు). నా వంతు పాస్తా సలాడ్. ముందు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెడితే పాస్తా బిరుసెక్కుతోంది, డ్రెస్సింగ్ అసలు వేసినట్టే ఉండట్లేదు. మేయో (గుడ్డు, నూనె గిలక్కొట్టి చేసే మయొనైజ్) లేకుండా, కొలతలతో చెప్పగలరా?

జవాబు:
డ్రెస్సింగ్ ఎక్కడికీ పోలేదండీ, పాస్తా తాగేసింది. బిరుసు సంగతి వేరు. ఉడికిన పిండి చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పలుకెక్కినట్టే. అందుకే చల్లగా తినే పాస్తాని ప్యాకెట్ మీద రాసినదానికన్నా 1–2 నిమిషాలు ఎక్కువ ఉడికించాలి.

పక్కన వేరే వంటలూ ఉంటాయి కాబట్టి 454 గ్రాముల డబ్బాలు రెండు చాలు. రోటీని లాంటి మెలికల పాస్తా తీసుకోండి, మెలికల్లో డ్రెస్సింగ్ నిలుస్తుంది. డబ్బాకి 4 లీటర్ల నీళ్ళు, 2 టేబుల్‌స్పూన్ల ఉప్పు. పెద్ద గిన్నె లేకపోతే రెండు వాయిలుగా వండండి. వార్చాక చన్నీళ్ళతో ఒక్కసారి కడిగితే పైనున్న జిగురు పోయి ముద్ద కట్టదు. నీళ్ళు మాత్రం బాగా ఓడ్చాలి, లేకపోతే డ్రెస్సింగ్ పలచనైపోతుంది.

డ్రెస్సింగ్: నూనె 240 మి.లీ., రెడ్ వైన్ వెనిగర్ 120 మి.లీ., డిజాన్ ఆవముద్ద 2 టీస్పూన్లు, ఉప్పు 2 టీస్పూన్లు, మిరియాల పొడి 1 టీస్పూన్, ఎండు ఒరెగానో 2 టీస్పూన్లు, దంచిన వెల్లుల్లి 2 రెబ్బలు. మూత బిగించిన సీసాలో గిలక్కొట్టండి. ఆవముద్ద మానొద్దు, నూనె, వెనిగర్ విడిపోకుండా పట్టి ఉంచేది అదే. మొత్తం ఆలివ్ నూనే అయితే ఫ్రిజ్‌లో పేరుకుంటుంది, సగం సన్‌ఫ్లవర్ నూనె కలపండి.

అసలు కిటుకు ఇది: డ్రెస్సింగ్‌లో మూడింట రెండు వంతులే రాత్రి కలపాలి. మిగతాది సీసాలో పార్కుకి తీసుకెళ్ళి వడ్డించే ముందు పొయ్యండి. చల్లటి తిండికి ఉప్పూ పులుపూ తగ్గినట్టు అనిపిస్తాయి, అప్పుడే రుచి చూసి సరిచెయ్యండి.

ఇంకొకరు:
కూరగాయల సంగతి కలుపుతాను. కీరా ముక్కలకి ఉప్పు పట్టించి 20 నిమిషాలు ఉంచి పిండాలి, లేదంటే అడుగున నీళ్ళు చేరతాయి. ఎర్ర ఉల్లిపాయ సన్నగా తరిగి 10 నిమిషాలు చన్నీళ్ళలో ఉంచితే ఘాటు తగ్గుతుంది. కాప్సికం, ఆలివ్‌లు, రెండు డబ్బాల ఉడికిన కాబూలీ శనగలు రాత్రే వేసెయ్యొచ్చు. చెర్రీ టమాటాలు, బేసిల్ ఆకు పొద్దున్నే.

ప్రశ్న:
క్రీమీగా కావాలంటే ఎగ్‌లెస్ మేయో వాడొచ్చా?

జవాబు:
ఎగ్‌లెస్ అంటే వీగన్ అని కాదు. కొన్నిటిలో పాలపొడి ఉంటుంది, వీగన్ అని రాసి ఉన్నదే కొనండి. లేదా 340 గ్రాముల సిల్కెన్ టోఫు (సోయా పాలతో చేసే మెత్తటి పనీర్ లాంటిది), 3 టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, 4 టేబుల్‌స్పూన్ల నూనె, 2 టీస్పూన్ల ఆవముద్ద, ఉప్పు మిక్సీ పట్టండి. జీడిపప్పు కన్నా ఇదే నయం, గింజల ఎలర్జీ ఉన్నవాళ్ళూ తినొచ్చు. సోయా పడనివాళ్ళకి మాత్రం చెప్పాలి.

మన శాకాహారపు లెక్క ఇక్కడ సరిపోదు. తాజా పాస్తాలో తరచు గుడ్డు ఉంటుంది. సీసాలో అమ్మే పెస్టోలో (బేసిల్ ఆకు పచ్చడి) చీజ్, కొన్ని ఆవముద్దల్లో తేనె. మొదటి పదార్థం నుంచి చివరిదాకా లేబుల్ చదవండి.

ఇంకొకరు:
మేయో లేదు కదా, పాడవదులే అనుకోవద్దు. ఉడికిన పాస్తా, శనగలు కూడా పాడవుతాయి. బయట 2 గంటలు దాటనివ్వకూడదు, ఎండ 32 డిగ్రీలు మించితే గంటే. గిన్నెని ఐసు నింపిన ట్రేలో పెట్టి, సగం సలాడే బయటికి తియ్యండి. పక్కనే పదార్థాల చీటీ ఒకటి, విడిగా ఒక గరిటె. చీజ్ సలాడ్‌లో ముంచిన గరిటె ఇందులో పడితే ఆ ఇద్దరికీ తినడానికి లేకుండా పోతుంది.